చీటీలో మా ఆయన

మా రాత తరగతికి ఇవాళ ఆఖరి రోజు, ఇంటివాళ్ళ ముందు చదవాలి. నా వంతు ఎనిమిదోది, అంటే ఆఖరిది. ఇప్పుడు చదువుతున్నది రెండో ఆయన, కోర్టులో ముప్పై ఏళ్ళు టైపు కొట్టి రిటైరైన పెద్దాయన. చదువుతున్నంతసేపూ ఆయన వేళ్ళు కాగితం అంచు మీద వాటంతట అవే టకటకలాడుతున్నాయి, పాపం వాటికింకా రిటైర్మెంటు కాగితం అందినట్టు లేదు. ఇదిగో, ఇలాంటి పోలికలే, ఈమధ్య పిలవకుండానే వచ్చేస్తున్నాయి నాకు. ఆర్నెల్ల కిందటైతే వేళ్ళు కదులుతున్నాయి అనుకుని ఊరుకునేదాన్ని. వినాలి నేను, వింటున్నాను కూడా, కానీ నా మెడ నా మాట వినడం లేదు, రెండు నిమిషాలకోసారి వెనక్కి తిరుగుతోంది. చివరి వరస, కిటికీ పక్క కుర్చీ, అక్కడ మా ఆయన. ఇస్త్రీ చొక్కా. రెండు చేతులూ జేబుల్లో. గ్రంథాలయం పై అంతస్తులో ఈ గదికి ఆయన రావడం ఇదే మొదటిసారి, మెట్లెక్కుతూ సగంలో ఆగి మోకాలి మీద చెయ్యి వేసుకుని, "చదువుని ఇంత పైన పెట్టారేంటి," అని గొణిగాడు. నా ఒళ్ళో సంచి, సంచిలో రెండు కాగితాలు. ఒకటి వాన మీద రాసింది. రెండోది ఆయన మీద రాసింది. ఆ సంగతి ఆయనకు తెలియదు. ఏది చదవాలో నాకూ తెలియదు. మధ్యలో ఇంకా ఐదుగురున్నారు కదా, చూద్దాం.

మాది బూట్లు, చెప్పులు బాగుచేసే దుకాణం. రైల్వే స్టేషన్లో టిక్కెట్ల కిటికీ దాటాక పూలకొట్టు పక్కన, నాలుగడుగుల వెడల్పు, తొమ్మిదడుగుల లోతు. ముందు బల్ల, బల్ల దగ్గర నేను. వెనక ఆయన పీట, బూటు తొడిగి కొట్టే ఇనప పాదం, కత్తులు, మైనం పట్టించిన దారాలు, జిగురు డబ్బా. పని ఎక్కువైతే నేనూ వెనక్కి వెళ్ళి ఆయనకెదురుగా కూర్చుని మెరుగు పెడతాను, మోకాళ్ళకు మోకాళ్ళు తగిలేంత చోటు. వచ్చినవాళ్ళతో మాట్లాడేది నేను, జత చేతికి తీసుకునేది నేను, చీటీ రాసి దారంతో కట్టేది నేను. చీటీ అంటే అరచేతిలో సగముండే అట్టముక్క. దాని మీద రకం, రంగు, ఏమైంది, ఏం చెయ్యాలి, ఎప్పుడొచ్చి తీసుకెళ్తారు. నల్లది, లేసులు, మడమ అరిగింది, కొత్తది వెయ్యాలి, గురువారం. అంతే, అంతకు మించి పట్టదు, అక్కర్లేదు కూడా. ముప్పై ఏళ్ళలో నేను రాసినదంతా పోగేస్తే ఆ చీటీలే. మా అమ్మాయి ఉద్యోగం చేసే ఊరు రైల్లో రెండు గంటలు, దానికి నేను పెట్టే మెసేజీలూ అంతే: తిన్నాం. వాన. నాన్న బాగున్నాడు. గొడుగు దొరికింది. ఒకరోజు ఫోన్ చేసి, "అమ్మా, నీ మెసేజీలు చూస్తుంటే, నాన్నని ఎప్పుడొచ్చి తీసుకెళ్ళాలో కూడా రాస్తావేమో అనిపిస్తోందే," అని పడీ పడీ నవ్వింది. నవ్వి నవ్వి, చల్లబడి, "అది కాదమ్మా, నీకెలా ఉందో ఎప్పుడూ రాయవేం?" అంది. ఆ మాట పట్టుకుని వారం రోజులు తిరిగాను. ఎలా ఉంది అని అడిగితే దేనిలాగానో ఉందని చెప్పాలి కదా, నాకేది దేనిలా ఉందో నేనెప్పుడు చూశాను గనక? బాగుంది, బాలేదు, అరిగింది, తెగింది. ఆ వారంలోనే గ్రంథాలయం బోర్డు మీద కాగితం కనిపించింది, పెద్దవాళ్ళకు సాయంత్రం పూట రాత నేర్పిస్తాం అని. పేరిచ్చేశాను.

పెద్దాయన కూర్చున్నాడు, చప్పట్లు, నేనూ కొట్టాను, ఏం చదివాడో సగం వినలేదు, తప్పు. మూడోది నర్సమ్మ, ఆవిడ కాగితాన్ని కూడా నాడి చూస్తున్నట్టు రెండు వేళ్ళతోనే పట్టుకుంటుంది. ముందు వరసలో పంతులమ్మ చెయ్యి గడ్డానికి ఆనించుకుని వింటోంది. పంతులమ్మంటే పెద్దావిడనుకునేరు, మా అమ్మాయి కంటే రెండేళ్ళు పెద్దదేమో, అంతే. మొదటిరోజే చెప్పింది, "దానిలాగా, దీనిలాగా అన్నారంటే ఉపమ. ఆ లాగా అనే ఊతకర్ర పారేసి నడిచారనుకోండి, రూపకం." మా తరగతిలో బస్సు డ్రైవరొకడున్నాడు, ఏదీ ఊరికే పోనివ్వడు. "పడిపోతే?" అన్నాడు. "పడిపోతే నవ్వుతారు, లేచి మళ్ళీ రాయండి," అంది పంతులమ్మ. ఆ రాత్రే కూర్చుని వాన మీద రెండు పేజీలు రాసి పారేశాను. ఆకాశం కన్నీరు కార్చింది, చినుకులు ముత్యాల్లా రాలాయి, మెరుపు కొరడాలా ఝళిపించింది, మబ్బుచాటున చంద్రుడు సిగ్గుపడ్డాడు. నా రాత చూసుకుని నాకే ముచ్చటేసింది, ఇన్నాళ్ళూ ఇదంతా ఎక్కడ దాచుకున్నానా అని. మర్నాడు కాగితం తిరిగొచ్చింది. కన్నీరు పక్కన ఎర్ర సిరాతో, చిన్న అక్షరాలతో, ఎవరిది? అని ఉంది. ముత్యాల పక్కన, ఎవరిది? కొరడా పక్కన, ఎవరిది? ఏడు చోట్ల. చంద్రుడి దగ్గరైతే, అంత వానలో ఈయనెలా కనిపించాడమ్మా, అని అదనంగా ఒకటి. ఒళ్ళు మండిపోయింది నాకు. దొంగసొత్తు పట్టుకున్నట్టు ఆ అడగడమేంటి, ఇక వెళ్ళను పొమ్మన్నాను.

మా దుకాణంలో పై అర ఒకటుంది, బాగుచేయించుకుని తిరిగి రానివాళ్ళ జతలన్నీ అక్కడే. ఏళ్ళ తరబడి ఉన్నాయి కొన్ని, చీటీ ఊడిపోయి. ఆయన వాటిని వారానికోసారి దించి దుమ్ము దులుపుతూ ఒక్కొక్కదాన్నీ పైకెత్తి, "ఇది ఎవరిది?" అంటాడు, నేను తెలిస్తే చెప్తాను, తెలియకపోతే భుజాలెగరేస్తాను. నేను కోపంతో ఉడుకుతున్న మర్నాడే ఆ దులపడం పడింది. "ఎవరిది?" అన్నాడు. ఉలిక్కిపడ్డాను. మళ్ళీ ఇంకొకటి, "ఎవరిది?" మంచి జతలే అన్నీ, తళతళలాడేవే, ఒక్కటీ నా కాలిది కాదు. అప్పుడు వెలిగింది నాకు పంతులమ్మ ఏమడిగిందో. ఆ ముత్యాలూ ఆ కొరడా ఎవరో ఎప్పుడో తొడుక్కుని నడిచి వదిలేసి పోయినవి, నేను పై అరలోంచి దించి తొడుక్కున్నాను, వేళ్ళు ముడుచుకుని, మడమ జారిపోతూ, అబ్బో ఎంత బాగా నడుస్తున్నానో అనుకున్నాను. నవ్వొచ్చింది. ఒక్కదాన్నే నవ్వుతుంటే ఆయన అనుమానంగా చూశాడు. సాయంత్రం మళ్ళీ తరగతికి వెళ్ళాను.

వారం రోజులు ఏమీ రాయొద్దు, వినండి చాలు, అంది పంతులమ్మ, జనం నోట్లోంచి అలంకారం రాలితే ఏరుకు రండి. జనం అలంకారాలు మాట్లాడతారా, వాళ్ళకేం పని లేదా అనుకుంటూ సోమవారం పొద్దున్న దుకాణం తీశాను. మొట్టమొదట వచ్చిన ఆఫీసు పిల్ల కొత్త చెప్పులు బల్ల మీద పెట్టి, "కరుస్తున్నాయండీ," అంది. నేను యథాప్రకారం చీటీ తీసి కరుస్తున్నాయి అని రాశాను, రాసి, పెన్ను అక్కడే ఆపేశాను. కరుస్తున్నాయా! పళ్ళేవీ? ఆ మాట ముప్పై ఏళ్ళలో వెయ్యిసార్లు రాసుంటాను, ఒక్కసారి కూడా పళ్ళు వెతకలేదు. ఆ వెనకే ఒకాయన, బూటు నోరు తెరిచిందండీ. ఇంకొకాయన, నాలుక ఊడిందండీ. నోళ్ళు, నాలుకలు, పళ్ళు, నా బల్ల మీదంతా ఇదే, ఇంతమంది మధ్య బతుకుతూ దుకాణంలో మేమిద్దరమే ఉన్నామనుకున్నాను ఇన్నాళ్ళూ. పక్కన పూలకొట్టావిడ, ధరలు మండిపోతున్నాయమ్మా, అంది, మంట ఎక్కడా అని చూశాను. ప్లాట్‌ఫారం మీద ఎవరో ఇల్లాలు రైలు దిగిన మొగుణ్ణి పట్టుకుని, నీకోసం చూసి చూసి కళ్ళు కాయలు కాశాయి, అంటే, ఆవిడ కళ్ళకేసి అలాగే చూస్తుండిపోయాను. కళ్ళు కాయలు కాయడమేంటి తల్లీ, ఎవరన్నారు ఆ మాట మొదట, ఎంతసేపు ఎదురుచూస్తే తట్టి ఉంటుంది! సీసాకి మెడ, తలుపుకి రెక్క, కుర్చీకి చేతులు. సాయంత్రానికి నలభై ఆరు లెక్కతేలాయి, చీటీలు అయిపోయాయి. సంతోషం పట్టలేకపోయాను. ఆయనకు చెప్పబోతే ఆయన నోట్లో మేకులు. మేకులు పెదవుల మధ్య పెట్టుకుని ఒక్కొక్కటే తీసి కొట్టడం ఆయన పద్ధతి. ఆ పద్ధతి వల్ల ఆయన మాట తక్కువో, మాట తక్కువ కాబట్టి ఆ పద్ధతి కుదిరిందో నాకు ఇప్పటికీ తేలలేదు. "చూశారా, చెప్పు కరుస్తుంది అంటాం, ఎంత చిత్రమో!" అన్నాను. ఆయన నాలుగు మేకులూ కొట్టేదాకా ఆగి, ఖాళీ నోటితో, "కరుస్తుంది కదా మరి," అన్నాడు. అక్కడితో అయిపోయింది చర్చ.

నాలుగో ఆవిడ రొట్టెలు కాల్చే ఆవిడ, పిండి పొంగడం మీద చదువుతోంది, గదిలో అందరి మొహాల్లో కాస్త ఆకలి. నేను మళ్ళీ వెనక్కి చూశాను. ఆయన కదల్లేదు, చేతులు జేబుల్లోనే. ఆ చేతులే నా బెంగ. మూడేళ్ళ కిందట మా వదినగారింట్లో, అంటే ఆయన అక్కగారింట్లో భోజనాలు. కొత్తవాళ్ళెవరో, "మీరేం చేస్తుంటారండీ?" అని ఈయన్ని అడిగారు. ఈయన నోరు తెరిచేలోగా బావగారు అందుకుని, "మా బామ్మర్ది లోకానికి పాదసేవ చేస్తున్నాడండీ," అన్నాడు. అందరూ నవ్వారు. మా ఆయనా నవ్వాడు. ఇప్పుడైతే నాకు దాని పేరు కూడా తెలుసు, వ్యంగ్యం, బాగానే తిప్పాడు మాట, చదువుకున్నవాడు. ఇంటికొచ్చాక ఈయన కుళాయి దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. సబ్బు, మళ్ళీ సబ్బు, గోళ్ళ చుట్టూ బ్రష్షు. అది పోదు, మెరుగు నలుపు వేళ్ళ గీతల్లోకి ఇంకి ముప్పై ఏళ్ళైంది, పోదని ఆయనకూ తెలుసు. నేను తలుపు దగ్గర నిలబడి చూశాను, తువ్వాలు ఇచ్చాను. ఆ రోజు నుంచి పదిమందిలోకి వెళితే తింటున్నప్పుడు తప్ప చేతులు జేబుల్లోంచి బయటికి రావు. ఎవరైనా అడిగితే, "స్టేషన్లో కొట్టుంది," అంటాడు. ఏ కొట్టో చెప్పడు.

అలాంటి మనిషిని నేనేం చేశాను? అసలు కావాలని చెయ్యలేదు, అది చెప్తే ఎవరు నమ్ముతారు? మీకు బాగా తెలిసిన మనిషి గురించి ఒక పేజీ రాయండి, మీ సొంత పోలిక ఒక్కటైనా ఉండాలి, అంది పంతులమ్మ. అది వానాకాలం, స్టేషనంతా తడిసిన కాళ్ళు, దుకాణంలో ఊపిరాడని పని. ఒక జతకీ ఇంకో జతకీ మధ్య, చేతికందిన చీటీల మీదే రాసుకుంటూ పోయాను, చెయ్యి దాని అలవాటు ప్రకారం అది రాసేసింది. మా ఆయన. రకం ఇది. వయసు ఇంత. ఇక్కడ అరిగింది, ఇక్కడ అరగలేదు. ఇంటికెళ్ళి తెల్లకాగితం మీద ఎత్తి రాశాను, ఎత్తి రాస్తున్నప్పుడు కూడా నాకేమీ అనిపించలేదు. పంతులమ్మకిస్తూ, "ఏమనుకోకండి టీచర్‌గారూ, ఇందులో ఒక్క పోలిక కూడా పడలేదు, టైము లేక ఉన్నదే రాశాను," అన్నాను. ఆవిడ నిలబడే చదవడం మొదలుపెట్టింది, సగానికి కూర్చుంది, నవ్వింది, కళ్ళు తుడుచుకుంది, మళ్ళీ మొదటినుంచీ చదివింది. "ఒక్కటి కూడా లేదంటారేంటమ్మా," అంది, "మొత్తం ఒకటే పోలిక కదా ఇది. మీ ఆయన్ని బూటు చేసి చీటీ కట్టారు మీరు." కాగితం లాక్కుని చూసుకున్నాను. నిజమే. ఎర్ర సిరా కోసం వెతికాను, పై నుంచి కింది దాకా ఒక్క ఎవరిది కూడా లేదు. "ఇది మీదే," అంది ఆవిడ, "ఆఖరి రోజు ఇదే చదవండి." "ఆ రోజు ఆయన వస్తారండీ." "రానివ్వండి." చెప్పడం తేలిక ఆవిడకి. మనిషిని చెప్పుతో పోల్చడం లోకంలో తిట్టే గానీ మెప్పెక్కడైంది? కోపమొస్తే జనం మొదట ఎత్తేది దాన్నే. చెప్పు తెగుతుంది జాగ్రత్త అని ప్లాట్‌ఫారం మీద ఎవరైనా అరిస్తే, మా ఇద్దరి తలలూ ఆశగా పైకి లేస్తాయి, అది మా దుకాణంలో నవ్వు. దుకాణం బయట అది నవ్వు కాదు. ఈ గదిలో ఇరవై ఎనిమిది మంది ఉన్నారు. నేను చదివాక ఆయన మొహం ఆ కుళాయి దగ్గరి మొహంలా అయిందంటే, నేర్చుకున్న ఉపమలూ రూపకాలూ అన్నీ మూటకట్టి చెత్తబుట్టలో వెయ్యడమే, ఇంకెప్పుడూ పెన్ను పట్టను.

అలాగని వాన కాగితం చదువుదామా? తిరగరాశాను దాన్ని, ముత్యాలూ కొరడా తీసేశాను, చంద్రుణ్ణి పంపించేశాను, ఇప్పుడు తప్పేం లేదు అందులో. ప్రాణమూ లేదు. వాన గురించి నాకు నిజంగా తెలిసింది ఒకటే, అది ఆ కాగితంలో లేదు. స్టేషన్లో కొట్టు దొరక్కముందు రెండేళ్ళు ఒక పెద్ద మేడ మెట్ల కింద కూర్చుని పనిచేశాం. ఒకవైపు గోడ, ఒకవైపు బయలు, జల్లు ఎప్పుడూ బయలు వైపు నుంచే. మొదటి వానకే ఆయన తన పీట అటు జరుపుకుని, "ఇటు వెలుతురు బాగుంది," అన్నాడు. రెండేళ్ళపాటు వెలుతురు అటే బాగుంది, చీకటి పడ్డాక కూడా. భుజం తడిసి చొక్కా వీపుకి అంటుకుపోయేది. నేను గోడ వైపు పొడిగా కూర్చుని చీటీలు రాసేదాన్ని, నా చీటీ మీద ఒక్క చుక్క పడి అక్షరం అలుక్కుపోవడం నాకు గుర్తులేదు. ఆ మాట ఆయనతో ఎప్పుడూ అనలేదు, ఏమనాలి, ఎలా ఉందని చెప్పాలి? కృతజ్ఞత అనే మాట మా నాలుగడుగుల దుకాణంలో ఎక్కడ పెట్టాలో తెలియని సామాను. అందుకే రాయడానికొచ్చాను, ఇప్పుడు అర్థమవుతోంది. అమ్మాయి మెసేజీల కోసమని పేరు, అసలు సంగతి ఇది.

ఐదో ఆయనా ఆరో ఆవిడా ఎప్పుడు లేచారో ఎప్పుడు కూర్చున్నారో, చప్పట్లు కొట్టడం మాత్రం నా చేతులు మర్చిపోలేదు. నాకూ ఆయనకూ మధ్య మాటలు లేవని కాదు, ఉన్నాయి, ముఖ్యంగా రెండు మాటలు. ఎడమ, కుడి. జత తెచ్చినవాళ్ళు బల్ల మీద బూట్లు వాటి మొహం నావైపు ఉండేలా పెడతారు, అప్పుడు ఎడమది నా కుడి చేతివైపు ఉంటుంది, నేను హడావుడిలో తిరగేసి రాసేస్తాను. పెళ్ళైన కొత్తలో ఒకావిడ జతకి ఎడమ మడమ అని రాసిచ్చాను, ఆయన రాసింది రాసినట్టే ఎడమదానికి నిక్షేపంలాంటి మడమ పీకి కొత్తది వేశాడు. ఆవిడ తొడుక్కుని నాలుగడుగులు వేసి, ఒక పక్కకి ఒరిగిపోతూ తిరిగొచ్చింది. ఆయన కోప్పడలేదు, కుడిదానికీ కొత్తది వేసి పంపించాడు. మర్నాటి నుంచి మాత్రం ప్రతి జతా పనిలోకి తీసుకునే ముందు చీటీ పైకి చదువుతాడు, బూటు వేలితో తాకి, "ఎడమా?" అంటాడు. నేను తలెత్తకుండానే ఒకసారి ఆలోచించుకుని, తప్పైతే "కుడి" అంటాను. రోజుకి పది పదిహేనుసార్లు, ముప్పై ఏళ్ళు. వేరే మొగుడూ పెళ్ళాలు ఇంతకంటే ఎక్కువ ఏం మాట్లాడుకుంటారో నాకు తెలియదు.

ఏడోది బస్సు డ్రైవరు. నిలబడ్డాడు, గొంతు సవరించుకున్నాడు, తన బస్సు గురించి మొదలుపెట్టాడు. మా బస్సుకి పొద్దున్నే మనలాగే లేవబుద్ధి కాదు, దగ్గుతుంది, నేను బతిమాలతాను, విననట్టు నటిస్తుంది. ఎత్తు ఎక్కేటప్పుడు మా అత్తగారిలా ఎనిమిది మందిని తలుచుకుని మూలుగుతుంది, దిగేటప్పుడు మాత్రం ఎవర్నీ తలుచుకోదు. గది గొల్లుమంది. వాళ్ళ అత్తగారు రెండో వరసలోనే ఉన్నట్టున్నారు, అందరి కంటే గట్టిగా ఆవిడే నవ్వింది. ఆ నవ్వుల మధ్య వెనకనుంచి ఒక నవ్వు, నాకు తెలిసిన నవ్వు, ముక్కుతో మొదలై దగ్గులో ముగిసేది. తిరిగి చూశాను. మా ఆయన నవ్వుతున్నాడు, భుజాలు ఊగుతున్నాయి. డ్రైవరు చొక్కా చేతి మీద ఇంజను నూనె మరక ఉంది, సరాసరి డ్యూటీ దిగి వచ్చాడు, ఆ మరకను దాచుకోవాలని అతనికి తోచినట్టే లేదు. మా ఆయన చూపు కూడా ఆ మరక మీదే ఉంది. చాలాసేపు ఉంది. చేతులు మాత్రం ఇంకా జేబుల్లోనే.

పంతులమ్మ నావైపు తిరిగి తలూపింది. ఐదుగురూ ఇంత తొందరగా అయిపోయారా? లేచాను, సంచిలో చెయ్యి పెట్టాను, చేతికి వచ్చింది వాన కాగితం. మంచిది, అదే రావాలని రాసుంది కాబోలు. ముందుకెళ్ళి నిలబడ్డాను. ఫ్యాను గాలికి కాగితం అల్లాడుతోంది. "వాన కురిసిన సాయంత్రం స్టేషను నిండా జనం," అని మొదలుపెట్టి, ఒక వాక్యం, ఇంకొక వాక్యం, మూడోది నోటి దాకా వచ్చి ఆగిపోయింది. నా చెవిలో ఎవరో దుమ్ము దులుపుతూ, ఎవరిది? అన్నారు. అది పంతులమ్మ గొంతు కాదు, ఆయన గొంతు. తలెత్తితే చివరి వరసలోంచి ఆయన నన్నే చూస్తున్నాడు, కళ్ళు కాస్త చికిలించి, నా చీటీలో అక్షరం సరిగ్గా కనిపించనప్పుడు చూసేలాగే. ఆ చూపుకి అబద్ధం చదివి ఇంటికెలా వెళ్ళను? "ఏమనుకోకండి," అన్నాను అందరితో, "ఇది కాదు. నాది వేరే ఉంది." సంచి దగ్గరికి వెళ్ళి రెండో కాగితం తెచ్చుకున్నాను, చదవడం మొదలుపెట్టాను, ఇక తలెత్తలేదు.

"మా ఆయన. రకం: నల్లది, సాదాది, లేసులు గట్టిగా కట్టినది. వయసు అరవై ఒకటి. కొత్తలో కరిచింది. రెండు మూడేళ్ళకు మెత్తబడింది. నాలుక ఉంది, వాడకం తక్కువ. ఎడమ మోకాలు అరిగింది. కుట్లు ఒక్కచోట కూడా వదల్లేదు. రెండేళ్ళు వరసగా జల్లులో తడిసింది, లోపలున్న కాలు తడవలేదు. పైన మెరుపు తగ్గింది, లోపల మెత్తదనం తగ్గలేదు. ఏం చెయ్యాలి: ఏమీ వద్దు. కొత్తది చూపించమంటారా: అక్కర్లేదు, ఇది నా కాలి కొలతకు వచ్చేసింది. ఎప్పుడొచ్చి తీసుకెళ్తారు: రావడం పోవడం ఏమీ లేదు, తొడుక్కునే వెళతాను."

అయిపోయింది. మధ్యలో నవ్వులు వినిపించాయి, వాడకం తక్కువ అన్నచోట పెద్ద నవ్వే, జల్లు దగ్గర ఆగిపోయాయి. కాగితం కింది అంచు చూస్తూ నిలబడ్డాను. చప్పట్లు లేవు. ఏం చేశాను నేను, పదిమందిలో మనిషిని నిలబెట్టి, తల్లీ, ఇంటికెళ్ళి మళ్ళీ ఆ కుళాయి, ఆ సబ్బు. కుర్చీ కిర్రుమంది, వెనక, కిటికీ వైపు. లేచి వెళ్ళిపోతున్నాడా? చూడక తప్పలేదు, చూశాను. వెళ్ళిపోలేదు. సగం లేచి నిలబడి ఉన్నాడు, జేబులోంచి చెయ్యి బయటికొచ్చి పైకి లేచి ఉంది, బళ్ళో పిల్లలెత్తినట్టు నిటారుగా, వేళ్ళ గీతల్లో నలుపు, గోళ్ళ చుట్టూ నలుపు, ట్యూబులైటు వెలుతురులో గది గదంతా ఆ చేతికేసే చూస్తోంది.

"ఎడమా?" అన్నాడు.

కాగితం చూశాను, ఆయన్ని చూశాను. రోజూ ఎదురుగా కూర్చునే మనిషి, నాకు ఎడమ చేతివైపుండే మోకాలు, మోకాళ్ళకు మోకాళ్ళు తగిలేంత దగ్గర, ముప్పై ఏళ్ళు చూసి ఇది కూడా తిరగేసే రాశాను. నవ్వు తన్నుకొచ్చింది, దాంతోపాటు ఏడుపూ వచ్చింది.

"కుడి," అన్నాను.

అప్పుడు పగిలింది గది, నవ్వులూ చప్పట్లూ కలిసిపోయి, డ్రైవరు బల్ల మీద కొడుతున్నాడు, టైపిస్టు పెద్దాయన రెండు చేతులూ ఎత్తేశాడు, పంతులమ్మ మళ్ళీ కళ్ళు తుడుచుకుంటోంది. కాస్త సద్దుమణిగాక ఆవిడ వెనక్కి తిరిగి, "ఇంకేమైనా తప్పులున్నాయాండీ అందులో?" అని అడిగింది. ఆయన, పని పూర్తయిన జతని తిప్పి తిప్పి చూసేటప్పుడు ఎంతసేపు తీసుకుంటాడో అంతసేపూ తీసుకున్నాడు. "లేవండీ," అన్నాడు, "మిగతాదంతా ఉన్నదున్నట్టే రాసింది." నేను పంతులమ్మ దగ్గర పెన్ను అడిగి పుచ్చుకుని, అక్కడే నిలబడి, ఎడమ కొట్టేసి కుడి అని రాశాను. రాసి తలెత్తి చూస్తే, ఆయన చెయ్యి ఇంకా దించలేదు.